తోటమాలి అనుకొని: ‘పాలేరు’ నాటకం, పొరపాటు చూపు – ఒక పరిశీలన

యోహాను సువార్త 20వ అధ్యాయం 15వ వచనం మీద ఈస్టరు ప్రసంగాలు ప్రతి సంవత్సరం వింటూనే ఉన్నాం, చేస్తూనే ఉన్నాం. సమాధి దగ్గర ఏడుస్తూ నిలబడిన మగ్దలేనే మరియ వెనుకకు తిరిగి యేసును చూసింది గాని గుర్తుపట్టలేదు. తోటమాలి అనుకొంది. ఈ పొరపాటుకు ప్రసంగీకులు చెప్పే కారణాలు మనకు కంఠస్థమే: కన్నీళ్ళు, తెల్లవారుజాము మసక వెలుతురు, పునరుత్థాన శరీరంలో కలిగిన మార్పు. ఈ మూడింటిలో ఏదో ఒకటి చెప్పి పదహారవ వచనానికి వెళ్ళిపోతాం. అయితే ఒక చిన్న ప్రశ్న మిగిలిపోతుంది. ఆమె ఆయనను ఎవరనైనా అనుకోవచ్చును గదా! సమాధి యజమాని బంధువనో, బాటసారి అనో, తనలాగే దుఃఖంతో వచ్చిన మరొక శిష్యుడనో అనుకోలేదు. పనివాడు అనుకొంది. కారణం వెదకడానికి దూరం పోనక్కరలేదు. తెల్లవారకముందే తోటలో ఉండేది పనివాడే. కోనసీమలో పుట్టి పెరిగిన ఎవరికైనా ఇది వివరించి చెప్పవలసిన సంగతి కాదు.

ఒక మనిషిని పనివాడుగా పొరబడడం అనే సన్నివేశం కథల్లో, నాటకాల్లో, ఇతిహాసాల్లో పదే పదే వస్తుంది. ఆ సన్నివేశం తెలుగు సాహిత్యంలో ఏ పని చేస్తున్నదో, దానిని మన ప్రసంగ వేదికల మీదికి మనం ఏ రూపంలో తెచ్చుకొంటున్నామో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. పరిశీలనకు కేంద్రంగా తీసుకొన్నది బోయి భీమన్న ‘పాలేరు’ నాటకం. భీమన్న క్రైస్తవ రచయిత కాడు. పురాణాలను తన ప్రజల వైపు నుండి తిరిగి చదవడమే ఆయన మార్గం. అరుంధతీ వసిష్ఠుల కథను ‘రాగవాసిష్ఠం’గా మలచింది ఆయనే. అయినా కోనసీమ సంఘాలలో కూర్చొనే విశ్వాసులలో చాలామంది తాతల కథను ‘పాలేరు’ చెప్పింది గనుక అది మన చదువులోనికి రావలసిందే.

మన నోటిలో సేవకుడు

ముందుగా పదాల సంగతి. తెలుగు బైబిలులో ‘దాసుడు’ ఉన్నాడు, ‘పరిచారకుడు’ ఉన్నాడు, ‘కూలివాడు’ ఉన్నాడు, ‘జీతగాడు’ ఉన్నాడు. లూకా 15వ అధ్యాయంలో తండ్రి ఇంట కడుపునిండ తినేవారు కూలివారు. యోహాను 10వ అధ్యాయంలో తోడేలును చూసి పారిపోయేవాడు జీతగాడు. గ్రీకులో ఈ రెండు మాటలూ జీతం, కూలి అనే అర్థమున్న ఒకే ధాతువు నుండి వచ్చినవే. తెలుగు అనువాదకులు రెండు వేర్వేరు మాటలు వాడారు. ఆ కారణంగా మొదటివాడి మీద మనకు కొంత జాలి కలుగుతుంది, రెండవవాడి మీద అసహ్యం కలుగుతుంది. జీతం తీసుకొనే పాస్టరుగారిని ఎత్తిపొడవడానికి ఈ ‘జీతగాడు’ మాటను వాడుకొన్న సంఘ పెద్దలు మనకు తెలియనివారు కారు.

‘పాలేరు’ అనే మాట మాత్రం మన బైబిలు వాడుకలో వినిపించదు. గోదావరి డెల్టా గ్రామాల నిత్యజీవితంలో అన్నిటికంటె ఎక్కువగా వినిపించిన మాట అదే. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట తరువాత కాలువలు తవ్వారు, వరి పెరిగింది, కొబ్బరి పెరిగింది, పండిన భూమికి విలువ పెరిగింది. గౌతమీ వసిష్ఠల మధ్య ఉన్న ఈ లంకభూముల సౌభాగ్యాన్ని గురించి రాయని రచయిత లేడు. ఆ సౌభాగ్యానికి చేతులు కావలసి వచ్చాయి. ఏడాదికి ఇన్ని బస్తాల ధాన్యమని కుదుర్చుకొని, అప్పు ఉంటే అప్పుకింద కట్టుకొని, తండ్రి తరువాత కొడుకును అదే ఇంటి పశువుల పాకలో నిలబెట్టే పద్ధతి నడిచింది. వెట్టిచాకిరీని రద్దుచేసే చట్టం 1976లో గాని రాలేదు.

ఇక మన సంఘాలలో ‘సేవకుడు’ అనే మాటకు పట్టిన గతి చూడండి. ‘దైవసేవకులు’ అని మైకులో ప్రకటిస్తే వేదిక మీద పూలదండ సిద్ధంగా ఉంటుంది. బోధకుణ్ణి ‘అయ్యగారు’ అంటాం. సేవకుడు అనే మాటనే గౌరవ బిరుదుగా మార్చుకొన్న ప్రజలం మనం. ఆ బిరుదు ధరించినవాణ్ణి ఎవరైనా నిజంగా పనివాడు అనుకొంటే ఏమవుతుందో నా అనుభవంలో ఒకసారి తెలిసింది.

చాలా సంవత్సరాల క్రితం రాజోలు వైపు ఒక గ్రామంలో పెండ్లికి వెళ్ళాను. ఆరాధన నడిపించవలసినది వేరొకరు, ప్రార్థన చేయవలసినది నేను. బస్సు ఆలస్యమై చెమటలతో పందిరి వెనుక నీళ్ళ డ్రమ్ము దగ్గర ముఖం కడుక్కొంటూ ఉండగా ఒక పెద్దాయన, సంఘంలో పేరున్నవారే, “ఒరేయ్ అబ్బాయ్, ఆ కుర్చీలు ఇటు పట్రా” అన్నారు. నా పక్కన కుర్చీలు దించుతున్న కుర్రవాడు ఒకడు ఉన్నాడు. ఇద్దరం కలిసి రెండు మూడు విడతలు మోశాం. కొంతసేపటికి మైకులో నా పేరు పిలిచారు. ప్రార్థన అయిన తరువాత ఆ పెద్దాయన గబగబా వచ్చి రెండు చేతులూ పట్టుకొని, “అయ్యగారూ, తెలియక అన్నానండి, ఏమీ అనుకోవద్దండి, ఆయ్” అన్నారు. “పర్వాలేదండి” అన్నాను. నిజానికి నాకు లోలోపల సంతోషంగానే ఉంది. నేనెవరో ఆయనకు తెలిసింది గదా! ఇంటికి వెళ్ళే బస్సులో గాని నాకు తట్టలేదు. ఆ కుర్రవాడు ఆ మధ్యాహ్నమంతా కుర్చీలు మోస్తూనే ఉన్నాడు. “ఒరేయ్” అన్న మాట ఇద్దరికీ కలిపే పడింది. క్షమాపణ ఒక్కరికే వచ్చింది. ఆ క్షమాపణలో ఇమిడి ఉన్న అర్థం ఏమిటి? ఈ మాట నీకు తగదు, వాడికి తగును అని గదా. నేను దానిని సంతోషంగా స్వీకరించాను.

గోదావరి మాటతీరులో ‘అండి’ ఎక్కువ అని ఇతర జిల్లాలవారు నవ్వుతూ మెచ్చుకొంటారు. ఆ ‘అండి’కి ఒక సరిహద్దు ఉన్నదని ఇక్కడ పుట్టినవారికి తెలుసు.

విరాటుని కొలువు

ఈ సన్నివేశం తెలుగువారికి కొత్తది కాదు. తిక్కన తన భారత రచనను విరాటపర్వంతో ఆరంభించాడు. వానలు కురవకపోతే విరాటపర్వం చదివించే ఆచారం మన గ్రామాలలో ఉండేది. అంత ప్రీతిపాత్రమైన ఆ పర్వం సారాంశమేమిటి? రాజులైనవారిని ఒక సంవత్సరంపాటు పనివారుగా పొరబడడమే. భీముడు వంటవాడు, నకుల సహదేవులు పశువుల దగ్గర, ద్రౌపది రాణికి జడవేసే సైరంధ్రి, ధర్మరాజు కంకుభట్టు. శ్రోత ఆనందమంతా రహస్యం తనకు తెలిసి ఉండడంలో ఉంది. విరాటుడికి తెలియదు, మనకు తెలుసు.

ఇందులో రెండు ఘట్టాలు నా దృష్టిలో చాలా ముఖ్యమైనవి. మొదటిది, విరాటుడు కోపంతో పాచికను కంకుభట్టు ముఖాన కొట్టడం. రక్తం నేలమీద పడకుండా సైరంధ్రి పాత్రలో పట్టుకొంటుంది. తరువాత పాండవులెవరో తెలిసినప్పుడు విరాటుడు ఎంతో నొచ్చుకొంటాడు, కుమార్తెనే ఇవ్వజూపుతాడు. పెండ్లి పందిరిలో నాకు దక్కిన క్షమాపణ వంశవృక్షం ఇక్కడ ఉంది. కంకుభట్టు నిజంగా కొలువులో బ్రతికే పేద బ్రాహ్మణుడే అయి ఉంటే ఆ పాచిక దెబ్బను గురించి విరాటుడికి మరునాడు జ్ఞాపకమైనా ఉండేదా?

రెండవది కీచకుని ఘట్టం. సైరంధ్రి రాణి పంపిన పనిమీద పాత్ర చేతబట్టి కీచకుని ఇంటికి వెళ్ళవలసి వస్తుంది. ఆమె పనిమనిషి గనుక కాదనలేదు. ఆమె పనిమనిషి గనుకనే కీచకుడికి ధైర్యం. ఆమె ద్రౌపది గనుక రాత్రికి భీముడు ఉన్నాడు. పొరపాటు పడడం వలన ద్రౌపదికి కలిగిన అపాయం నిజమైన సైరంధ్రులకు రోజూ ఉండే అపాయమే. వారికి వంటశాలలో భీముడు లేడు. కోనసీమ నుండి, పశ్చిమ డెల్టా నుండి కువైట్, మస్కట్, దుబాయి ఇండ్లలో పనికి వెళ్ళిన స్త్రీలు మన సంఘాలలో ఎందరో ఉన్నారు. ‘ఖద్దామా వీసా’ అనే మాట తెలియని పాస్టరుగారు ఈ ప్రాంతంలో ఉండరు. ప్రార్థన విన్నపాలలో వారి పేర్లు వస్తాయి, వారు పంపిన డబ్బుతో మందిరానికి స్లాబు పడుతుంది. కీచకుని ఘట్టాన్ని వారి వైపు నుండి చదివితే విరాటపర్వం అంత సుఖంగా ముగియదు.

హరిశ్చంద్రుని కథ దీనికంటె ఒక అడుగు ముందుకు వెళ్తుంది. అక్కడ వేషం లేదు. రాజు నిజంగానే వీరబాహుడికి అమ్ముడుపోతాడు, నిజంగానే కాటికాపరి పని చేస్తాడు. బలిజేపల్లి లక్ష్మీకాంతకవి నాటకం ఆంధ్రదేశంలో ఆడని ఊరు లేదంటే అతిశయోక్తి కాదు. కాటిసీనులో నటులు గుర్రం జాషువా శ్మశాన పద్యాలను చేర్చి పాడడం అలవాటైంది. క్రైస్తవుడుగా పుట్టి, కులం కారణంగా సభలలో అవమానాలు పొందిన కవి పద్యాలను రాజు పాత్రధారి కాటికాపరి వేషంలో పాడుతూ ఉంటే ఊరంతా తెల్లవార్లూ విని వన్స్‌మోర్ కొట్టింది. ఊరి కాటికాపరి కూడా దూరంగా కూర్చొని విని ఉంటాడు. అయినా గుర్తింపు ఎలా వస్తుంది? చంద్రమతి మెడలోని మాంగల్యం హరిశ్చంద్రుడికి కనిపిస్తుంది. అంటే ఒక ఆనవాలు ద్వారా వారు రాజూ రాణీ అని మళ్ళీ తేలుతుంది. కాటికాపరి ఉద్యోగం పరీక్షలో ఒక ప్రశ్నాపత్రం మాత్రమే. పరీక్ష అయిపోయిన తరువాత వీరబాహుడి శ్మశానానికి మరొక కాపరి కావాలి.

ఈ చర్చ మనకెందుకు అని అడగవచ్చు. ఫిలిప్పీ 2వ అధ్యాయాన్ని మనం విరాటపర్వంలా ప్రసంగిస్తున్నాం, అందుకు. క్రిస్మసు కాలంలో ‘మారువేషంలో వచ్చిన రాజు’ ఉదాహరణ చెప్పని వేదిక అరుదు. రాజు బిచ్చగాని వేషం వేసుకొని ఊరిలోకి వచ్చాడు, ఎవరూ గుర్తుపట్టలేదు, ఒక పేదరాలు మాత్రం గంజి పోసింది, చివరకు రాజు కిరీటం బయటపెట్టాడు, పేదరాలికి బహుమానం. కథ బాగుంటుంది, పిల్లలకు గుర్తుంటుంది. పౌలు చెప్పింది మాత్రం ఇది కాదు. 6, 7 వచనాలలో దేవుని విషయంలోనూ దాసుని విషయంలోనూ గ్రీకు మూలంలో ఉన్నది ‘మోర్ఫే’ అనే ఒకే మాట. తెలుగు అనువాదకులు కూడా రెండు చోట్ల ‘స్వరూపము’ అనే ఉంచారు, వేషమనలేదు. అది మెచ్చుకోదగిన విషయం. అయితే దాసుని స్వరూపానికి తగిలించిన ‘ధరించు’ అనే క్రియ మన చెవికి చొక్కా, కిరీటం, వేషం వంటి వాటినే తెస్తుంది. మూలంలోని క్రియకు ‘తీసుకొనుట’ అని అర్థం. తన దైవత్వం ఎంత నిజమో ఆ దాసత్వమూ అంత నిజం అన్నదే వాదన. దాసత్వం వేషమైతే సిలువ నొప్పి కూడా వేషమే అవుతుంది. క్రీస్తు శరీరం కేవలం కనిపించేదే అన్న డోసెటిజం దుర్బోధను మొదటి శతాబ్దాల సంఘం ఖండించింది. మనం దానిని సంఘచరిత్ర పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకొని, డిసెంబరులో పిట్టకథ రూపంలో మళ్ళీ బోధిస్తున్నాం.

మామిడికుదురు పాలేరు

ఇప్పుడు భీమన్న దగ్గరకు వద్దాం. ఆయన 1911లో కోనసీమలోని మామిడికుదురులో పేద దళిత కుటుంబంలో పుట్టారు. ఉపాధ్యాయుడుగా, పాత్రికేయుడుగా, కవిగా, నాటకకర్తగా దీర్ఘకాలం పనిచేశారు. 1973లో పద్మశ్రీ, ‘గుడిసెలు కాలిపోతున్నాయి’ కావ్యానికి 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి, 2001లో పద్మభూషణ్ వచ్చాయి. 2005లో మరణించారు. తన జీవితకథకు ఆయన పెట్టుకొన్న పేరులోనే పాలేరూ ఉన్నాడు, పద్మశ్రీ ఉన్నాడు. 1940 ప్రాంతపు ‘పాలేరు’ నాటకం ఆంధ్ర గ్రామాలలో విస్తారంగా ఆడింది. పాలేరుగా ఉన్న కుర్రవాడు చదువుకొని డిప్యూటీ కలెక్టరు కావడం దాని కథాసారం. ఆ నాటకం చూసి పిల్లలను పశువుల పాక నుండి బడికి మార్చిన తల్లిదండ్రుల మాట భీమన్నను గురించి రాసినవారందరూ చెబుతారు.

దీనిని ‘మాలపల్లి’ పక్కన పెట్టి చూడాలి. ఉన్నవ లక్ష్మీనారాయణ రాయవేలూరు జైలులో ఉండి రాసిన ఆ నవల 1922లో వెలువడింది. ప్రభుత్వం దానిని నిషేధించింది. అందులో సంగదాసు చౌదరయ్య ఇంట పాలేరు. యజమాని కొడుకు రామానాయుడుకు అతడు స్నేహితుడు, ఆలోచన చెప్పేవాడు. కొడుకు చూసిన మనిషిని తండ్రి చూడలేకపోయాడు. తండ్రి కంటికి కనిపించినది పాలేరే. చౌదరయ్య దెబ్బకే సంగదాసు చనిపోతాడు. ఆ మరణం తరువాత నవల అతణ్ణి దాదాపు పరిశుద్ధుణ్ణి చేస్తుంది. ఉన్నవవారి హృదయాన్ని శంకించనక్కరలేదు. అయినా వెలుపల నుండి ప్రేమతో చూసినవారు పాలేరును చంపి పూజించారు, లోపల నుండి వచ్చిన భీమన్న అతణ్ణి బ్రతికించి బడికి పంపారు అన్న వ్యత్యాసాన్ని విమర్శకుడు చెప్పక తప్పదు. నాకు భీమన్న పక్షమే నచ్చుతుంది.

‘పాలేరు’ నాటకం విరాటపర్వాన్ని తలక్రిందులు చేసింది. విరాటపర్వంలో పైకి పనివాడు, లోపల రాజు. రహస్యం తెలిస్తే అన్నీ సర్దుకొంటాయి. భీమన్న పాలేరు లోపల ఏ రాజూ దాగి లేడు. ఏ రాజవంశంలోనో తప్పిపోయిన బిడ్డ కాడు, చివరి అంకంలో పుట్టుమచ్చ బయటపడదు. అతడు నిజంగానే పాలేరు, పాలేరు కొడుకే. అతణ్ణి గురించి ఊరు పడిన పొరపాటు అతడి పుట్టుకను గురించినది కాదు. పాలేరు అంటే ఏమిటి అన్న దానిని గురించినది. పాలేరు అయినవాడికి అక్షరం అంటదని, అంటినా నిలవదని ఊరు నమ్మింది. ఆ నమ్మకమే పొరపాటని నాటకం చూపింది. ఇతిహాసాల పొరపాటుకు ఒక ఆనవాలు చాలు. ఈ పొరపాటును సరిదిద్దడానికి పది పదిహేనేళ్ళ చదువు కావలసి వచ్చింది.

ఇక్కడ ఒక అభ్యంతరం ఎప్పుడూ వినిపిస్తుంది, అది తేలికైనది కాదు. పాలేరుకు విలువ రావడానికి డిప్యూటీ కలెక్టరు పదవి ఎందుకు? పాలేరుగానే అతడు మనిషి కాడా? పదవి వచ్చిన తరువాత ఇచ్చే గౌరవం పదవికి గాని మనిషికి కాదు గదా? నేను ఈ అభ్యంతరాన్ని సగమే ఒప్పుకొంటాను. 1940 నాటి పల్లెలో పాకలో పడుకొనే కుర్రవాడికి “నీవు ఉన్నచోటనే గౌరవనీయుడవు” అని చెప్పడం ఎవరికి లాభం? యజమానికి. మన ప్రసంగాలలో కూడా ‘ఉన్న స్థితిలో తృప్తి’ అనే బోధ ఎక్కువగా పొలం లేనివారికే ఎందుకు చేస్తామో ఆలోచించుకోవాలి. ఆనాడు పల్లెకు తెలిసిన అధికారం కలెక్టరు కచేరీదే. ఊరు లేచి నిలబడేది ఆ అధికారానికే. ఊరికి తెలిసిన భాషలోనే నాటకం సమాధానం చెప్పింది. అది కల అని కొట్టివేయడానికి కూడా వీలులేదు. అదే కోనసీమ గడ్డమీద పుట్టిన దళితుడు జి.ఎం.సి. బాలయోగి అమలాపురం నుండి ఎన్నికై 1998లో లోక్‌సభ స్పీకరయ్యారు, 2002లో హెలికాప్టరు ప్రమాదంలో మరణించే వరకు ఆ స్థానంలో ఉన్నారు.

అయితే మిగిలిన సగం ఉంది. పదవీ, బట్టా మార్చినంత మాత్రాన చూపు మారుతుందా? అంబేద్కర్ తన బాల్యాన్ని గురించి రాసిన ఒక సంఘటన దీనికి సరిగ్గా ఎదురుగా నిలుస్తుంది. 1901లో తండ్రిని చూడడానికి బయలుదేరిన ఆ పిల్లలు మసూరు స్టేషనులో దిగారు. మంచి బట్టలు వేసుకొని ఉన్నందున స్టేషను మాస్టరు వారిని బ్రాహ్మణ పిల్లలనుకొని దయగా మాట్లాడాడు. మహార్లమని తెలిసిన క్షణంలో ముఖం మారిపోయింది, బండివారు బండి కట్టలేదు. ఇది కూడా పొరపాటే, పైవైపుకు పడిన పొరపాటు. అది సరిదిద్దబడడమే అవమానమయింది. మన ప్రాంతంలో ఆ సవరణకు వాడే ప్రశ్న చాలా మర్యాదగా ఉంటుంది: “తమరేవిట్లండి?” జాషువా కవిత్వాన్ని మెచ్చుకొన్నవారే ఆ ప్రశ్నకు జవాబు విన్న తరువాత లేచిపోయిన సంగతి ఆయనే పద్యంలో చెప్పుకొన్నారు.

కాబట్టి పనివాడుగా ‘పొరబడడం’ అనే మాటను కూడా జాగ్రత్తగా వాడాలి. తెల్లచొక్కా వేసుకొన్న దళిత బోధకుణ్ణి కుర్చీలు మోయమన్న పెద్దమనిషి తన లెక్క ప్రకారం పొరబడలేదు. నలుపును చూశాడు, పందిరి వెనుక నిలబడడాన్ని చూశాడు, ఊరు నేర్పిన లెక్క వేశాడు, జవాబు వచ్చింది. పొరపాటు లెక్కలో లేదు, ఎక్కంలోనే ఉంది. 2022లో కొత్తగా ఏర్పడిన కోనసీమ జిల్లాకు అంబేద్కర్ పేరు చేర్చాలన్న ప్రతిపాదన మీద ఆ సంవత్సరం మే 24న అమలాపురంలో ఇండ్లు తగులబడ్డాయి. ఒక మంత్రి ఇల్లు, ఒక శాసనసభ్యుని ఇల్లు వాటిలో ఉన్నాయి. పేరు చివరకు చేరింది. ఆ రోజులలో మన సంఘాలలో శాంతికోసం ప్రార్థనలు జరిగాయి, మంచిదే. ఆ ఎక్కాన్ని గురించిన బోధ ఎన్ని మందిరాలలో జరిగిందో ఎవరికివారు చెప్పుకోవాలి.

అయ్యా అన్న మాట

తిరిగి తోటలోకి వద్దాం. తోటమాలి అని మనం అనువదించుకొన్న గ్రీకు మాట క్రొత్త నిబంధన మొత్తంలో ఈ ఒక్క వచనంలోనే ఉంది. అర్థం తోటను కాచేవాడు అని. కోనసీమ మాటలో అయితే తోట కాపలావాడు, లేక దింపు తీయడానికి వచ్చినవాడు. ఆ మనిషితో మరియ ఎలా మాట్లాడింది? తెలుగు బైబిలులో ఆమె వాడిన సంబోధన ‘అయ్యా’. ఈ ఒక్క మాట మీద నేను చాలాకాలం ఆగిపోయాను. మన కొబ్బరితోటలో తెల్లవారుజామున కనబడిన కాపలావాణ్ణి ‘అయ్యా’ అని పిలిచేవారెవరు?

గ్రీకు మూలంలో అక్కడ ఉన్న మాట ‘కూరియే’. 13వ వచనంలో దేవదూతలతో తన ప్రభువును ఎత్తికొని పోయారని చెప్పినప్పుడు, 18వ వచనంలో ప్రభువును చూశానని శిష్యులకు తెలిపినప్పుడు వాడింది కూడా ఆ మాటే. పనివాడికి మర్యాదగా, దేవునికి ఆరాధనగా పలికే పలుకు ఆ భాషలో ఒకటే. తెలుగులో రెండు మాటలు తప్పలేదు, అనువాదకులను తప్పుపట్టడానికి లేదు. కాని ఈ భేదం వలన మనం ఒక సంగతి కోల్పోయాం. మరియ పొరబడింది నిజమే, అయితే ఆమె పొరపాటులో అవమానం లేదు. ఎవరో తెలియనప్పుడు, పనివాడే అనుకొన్నప్పుడు ఆమె నోట వచ్చిన మాటను, ఎవరో తెలిసిన తరువాత మార్చుకోవలసిన అవసరం రాలేదు. అందుకే ఈ ఘట్టంలో క్షమాపణ లేదు. విరాటుడి వలె ఆమె నొచ్చుకోలేదు, మా పెద్దాయన వలె చేతులు పట్టుకోలేదు. ప్రభువు కూడా తనను తోటమాలి అనుకొన్నందుకు గద్దించలేదు, పదవి చెప్పుకోలేదు, గాయాల ఆనవాలు కూడా అప్పుడు చూపలేదు. ఆమెను పేరుపెట్టి పిలిచాడు. పాలేర్ల పేర్లను సగానికి విరిచి పిలిచే ఊళ్ళ నుండి వచ్చిన మనకు, పేరును పూర్తిగా పిలవడం అంటే ఏమిటో వ్యాఖ్యాన గ్రంథాలు చెప్పనక్కరలేదు.

లూకా 15వ అధ్యాయాన్ని కూడా ఇదే వెలుగులో చదవవచ్చును. చిన్నకుమారుడు తనను కూలివారిలో ఒకడుగా ఎంచమని అడగాలని దారిలో అనుకొంటాడు. ఇంటికి చేరిన తరువాత ఆ మాట నోటికి రాకముందే తండ్రి అడ్డుపడతాడు. పెద్దకుమారుడు తాను ఇన్నేండ్లుగా దాస్యమే చేశానంటాడు. అంటే తనను తానే పనివాడుగా పొరబడ్డాడు. దీనిమీద మంచి ప్రసంగాలు ఉన్నాయి. వస్త్రం తెచ్చినవారు, చెప్పులు తొడిగినవారు, దూడను కోసినవారు ఆ ఇంటి పనివారు. వారు విందులో కూర్చొన్నారో లేదో లూకా చెప్పలేదు.

ఒక తరగతిలో ‘పాలేరు’ నాటకం మీద చర్చ పెట్టాను. పాలేర్ల కుటుంబాల నుండి వచ్చిన విద్యార్థులలో ఎక్కువమంది డిప్యూటీ కలెక్టరు ముగింపునే సమర్థించారు. మా తాత ఆ నాటకం చూసే మా నాన్నను బడికి పంపాడని ఒకరు చెప్పారు. పట్టణంలో పెరిగిన ఒకరిద్దరు అది మరీ సినిమా కథలా ఉందన్నారు. చివరి బెంచీలో ఉన్న ఒక విద్యార్థి, మామూలుగా నోరు విప్పనివాడు, చేయి ఎత్తి, “సార్, వీడు చదువుకోడానికి వెళ్ళిపోయాక ఆ పశువుల పాకలోకి ఎవర్ని పెట్టుకొన్నారండి?” అని అడిగాడు.

తరగతి నవ్వింది. తరువాత నవ్వలేదు. నాటకంలో దీనికి జవాబు వెదికాం. కథ చదువుకొన్నవాడి వెంట వెళ్తుంది, పాక వైపు తిరిగి చూడదు. ఏ కథ అయినా ఒకరి వెంటే వెళ్ళగలదని నేను నాటకాన్ని సమర్థించబోయాను. ఆ విద్యార్థి ఒప్పుకోలేదు, నేనూ గట్టిగా వాదించలేకపోయాను. అరిమతయియ యోసేపు కొత్తగా తొలిపించిన సమాధి చుట్టూ తోట ఉన్నదంటే దానికి నిజంగానే ఒక తోటమాలి ఉండి ఉంటాడు. ఆ ఉదయం అతడు కొంచెం ఆలస్యంగా వచ్చి ఉంటాడు, త్రొక్కిన మొక్కలను సరిచేసుకొని ఉంటాడు. అతణ్ణి గురించి యోహాను ఏమీ రాయలేదు.